మూసిన కళ్ళ మీద మెరుపు



రేడియోలో ఒక బొమ్మ గురించి మాట్లాడతానని ఒప్పుకుని వచ్చాను. ఎంత చిక్కులో పడ్డానో ఒప్పుకున్నాక గానీ తెలియలేదు. పాట గురించైతే ఓ ముక్క వినిపించి గట్టెక్కవచ్చు. బొమ్మను చెవిలో ఎలా వేసేది? అయితే ఒకప్పుడు మనం క్రికెట్ మ్యాచ్‌లన్నీ చెవులతోనే చూశాం. గవాస్కర్ బంతిని ఎటు కొట్టాడో వంటింట్లో కూర్చుని చూసినవాళ్ళం, ఒక ముఖాన్ని చూడలేమా? వీలైతే ఓ నిమిషం కళ్ళు మూసుకోండి. నేను చెప్పబోయే బొమ్మలో మనిషి కూడా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న అట్ట. ఎల్పీ రికార్డు దాచుకునే తొడుగు అది. దాని మీద అంతా తెలుపు. వెనక గోడ లేదు, తెర లేదు, వీధి లేదు. ఆ తెలుపులోంచి ఓ యువకుడి తల, సన్నటి మెడ, చొక్కా లేని భుజాలు. జుట్టు నారింజ కలిసిన ఎరుపు, నిప్పంటుకున్నట్టు పైకి లేచి ఉంది. కనుబొమలు గీకేసి ఉన్నాయి. చర్మం మనిషి చర్మంలా లేదు, పింగాణీలా పాలిపోయి ఉంది. అతని కుడివైపు, అంటే చూసే మనకు ఎడమవైపు, నుదుటి పైన జుట్టు మొదట్లో పుట్టిన ఓ మెరుపు వంకర తిరిగి, కంటి మీదుగా చెంప మీదికి దిగింది. ఎర్రటి మెరుపు, పక్కన నీలం. కంఠం దిగువన, ఎముక దగ్గరి పల్లంలో, పాదరసం ఒలికినట్టు ఏదో తడి ఆగి ఉంది. రెప్పలు వాలి ఉన్నాయి.

ఇక కళ్ళు తెరవచ్చు. ఇది 1973 ఏప్రిల్‌లో విడుదలైన ‘అలాదీన్ సేన్’ అనే ఆల్బమ్ ముఖచిత్రం. గాయకుడు డేవిడ్ బోవీ, ఇంగ్లండు వాడు. లండన్‌లోని బ్రిక్స్టన్ పేటలో 1947 జనవరి 8న పుట్టాడు. అసలు పేరు డేవిడ్ జోన్స్. డేవీ జోన్స్ అని ఇంకో గాయకుడు అప్పటికే పేరు తెచ్చుకుంటూ ఉండటంతో, ఇద్దరినీ జనం కలగలిపేస్తారని ఇంటిపేరు మార్చుకున్నాడు. మార్చుకోవడం ఆయనకు అప్పటి నుంచే అలవాటైందేమో.

నేను ఈ బొమ్మను మొదట చూసింది రికార్డు మీద కాదు. హైదరాబాద్ మెట్రోలో నా ఎదురుగా నిలబడ్డ ఓ కుర్రాడి టీషర్టు మీద. ఎర్ర జుట్టు, మెరుపు, అంతే. కళ్ళూ ముక్కూ నోరూ ఏవీ లేవు. ఆ రెండు గుర్తులతోనే ముఖం తయారైంది. “ఎవరు బాబూ ఇతను?” అని అడిగాను. “తెలీదంకుల్, డిజైన్ బాగుందని కొన్నా” అన్నాడు. దాచకుండా చెప్పినందుకు ముచ్చటేసింది. ఇంటికొచ్చి వెతికితే అసలు బొమ్మ దొరికింది. దాన్ని చూశాక నాకు ఆశ్చర్యం వేసింది మెరుపును చూసి కాదు. మెరుపు టీషర్టు మీదా ఉంది. టీషర్టు మీద బొమ్మ గీసినవాడు వదిలేసిన కళ్ళే ఈ బొమ్మలో అసలు సంగతి అని నాకు తోచింది. ఈ ప్రసంగమంతా ఆ తోచినదాని కోసమే. ముందు కథ చెబుతాను.

పేరుతో మొదలుపెడదాం. అలాదీన్ అంటే మనకు అద్భుతదీపం కథ. ఆ పేరును బోవీ ‘అలాదీన్ సేన్’ అని రాశాడు. గబగబా పలికితే అదే ‘అ లాడ్ ఇన్‌సేన్’ అవుతుంది, అంటే మతి చెడిన ఓ కుర్రాడు. మన ఆలంకారికులు దీన్ని సభంగ శ్లేష అంటారు. మాటను ఒకచోట విరిస్తే ఒక అర్థం, ఇంకోచోట విరిస్తే ఇంకో అర్థం. అవధాని చేస్తే చప్పట్లు కొడతాం. ఇక్కడ మాత్రం ఆ శ్లేష వెనక ఒక బాధ ఉంది. బోవీకి టెర్రీ అనే అన్న ఉండేవాడు, తల్లి ఒకరే, తండ్రులు వేరు. తమ్ముడికి జాజ్ సంగీతం, పుస్తకాలు పరిచయం చేసింది ఆ అన్నే. ఆయన స్కిజోఫ్రీనియాతో బాధపడ్డాడు, చాలాకాలం ఆసుపత్రుల్లోనే గడిపాడు. ఆ జబ్బు తన రక్తంలోనూ ఉందేమోనన్న భయం బోవీని వెంటాడింది. చీలినట్టున్న ఈ ముఖానికి ఆ పేరు ఊరికే పెట్టింది కాదు.

పాటలు ఎక్కువగా అమెరికాలో పుట్టాయి. 1972 చివరి నెలల్లో బోవీ ఆ దేశమంతా తిరిగి కచేరీలు చేశాడు. విమానమంటే భయం కాబట్టి నేల మీద రైళ్ళు, బస్సులు, సముద్రం మీద ఓడ. ఆల్బమ్‌లో పాటల పక్కన అవి ఏ ఊళ్ళో మనసులో పడ్డాయో ఆ ఊరి పేరు వేశారు. ఒక పాట పక్కన ఊరి బదులు ఓడ పేరుంది. అప్పటికి ఆయన ‘జిగ్గీ స్టార్‌డస్ట్’ అనే పాత్ర వేసి పేరు తెచ్చుకున్నాడు. వేరే లోకం నుంచి దిగినట్టుండే ఓ రాక్ గాయకుడి పాత్ర అది. ఈ కొత్త ఆల్బమ్‌ను జిగ్గీ అమెరికా వెళ్తే ఎలా ఉంటుందో అలాంటిదని ఆయనే చెప్పుకున్నాడు.

ఆ జిగ్గీ ఆల్బమ్ అట్ట గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ అట్టలో తెలుపు ఎందుకంత తెల్లగా ఉందో అర్థం కాదు. 1972 జనవరిలో, లండన్ నడిబొడ్డున హెడన్ స్ట్రీట్ అనే చిన్న సందులో, ఓ చలి రాత్రి తీశారు దాన్ని. తీసింది బ్రయన్ వార్డ్. నలుపు తెలుపు ఫోటో తీసి తర్వాత దానికి రంగులు వేయించారు. అందులో అట్టపెట్టెలు, చెత్త, ఓ దీపం, ఆ దీపం పైన ‘కె. వెస్ట్’ అని ఓ కంపెనీ బోర్డు. వాటి మధ్య గిటారుతో బోవీ, చాలా చిన్నగా. సందు పెద్దది, మనిషి చిన్నవాడు. ఏడాది తిరిగేసరికి సందు పోయింది, బోర్డు పోయింది, గిటారు కూడా పోయింది. ముఖం ఒక్కటే మిగిలి అట్టంతా నిండింది. పేరు రావడమంటే ఏమిటో ఈ రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇక 1973 జనవరి. ఉత్తర లండన్‌లో బ్రయన్ డఫీ స్టూడియో. డఫీ, డేవిడ్ బెయిలీ, టెరెన్స్ డొనొవన్ ముగ్గురూ అరవైల లండన్ ఫ్యాషన్ ఫోటోగ్రఫీని తలకిందులు చేసినవాళ్ళు. డఫీ మాట కటువు, పని గట్టి. ఈయన గురించి ఒక్క విషయం చెబితే మనిషి ఎలాంటివాడో తెలుస్తుంది. 1979లో ఒకరోజు విసుగొచ్చి, తన నెగెటివ్‌లన్నీ స్టూడియో పెరట్లో వేసి తగలబెట్టడం మొదలుపెట్టాడు. పొగ మీద అభ్యంతరం వచ్చి మంట ఆర్పాల్సి వచ్చింది కాబట్టి కొన్ని మిగిలాయి. మెరుపు ముఖం నెగెటివ్‌లు మిగిలినవాటిలో ఉన్నాయి. ఆ పొగకు అడ్డుచెప్పిన మనిషికి చరిత్ర కాస్త రుణపడి ఉంది.

ఈ మెరుపు ఎక్కడి నుంచి వచ్చింది? గుడికి స్థలపురాణాలు ఒకటికి రెండున్నట్టే దీనికీ ఉన్నాయి. ఒక కథ ప్రకారం మూలం ఎల్విస్ ప్రెస్లీ ఉంగరం. ఎల్విస్ ‘టీసీబీ’ అనే మూడక్షరాల పక్కన మెరుపు గుర్తు పెట్టించుకుని ఉంగరాలు, గొలుసులు చేయించుకునేవాడు. బోవీకి ఎల్విస్ అంటే ప్రాణం. ఇద్దరి పుట్టినరోజూ జనవరి 8, ఇద్దరి రికార్డు కంపెనీ ఆర్‌సీఏ. రెండో కథ నాకు మరీ ఇష్టం. మెరుపు ఎలా ఉండాలి అనే మాట వచ్చినప్పుడు స్టూడియో వంటగదిలో ఓ రైస్ కుక్కర్ ఉందట, నేషనల్ పానాసోనిక్ వాళ్ళది. దాని మీద కంపెనీ గుర్తులో చిన్న మెరుపు గీత ఉంది. అదిగో అలా ఉండాలన్నాడట డఫీ. మన ఇళ్ళలో ఆ కంపెనీ కుక్కర్ ఎరగనివాళ్ళు తక్కువ. అన్నం వండుకునే గిన్నె మీది గుర్తు ప్రపంచమంతా తిరిగిన ముఖం మీదికి ఎక్కిందంటే, కళాచరిత్రకారులకు కొంచెం ఇబ్బందిగా ఉంటుందేమో గానీ నాకు లేదు. బొమ్మలు ఇలాగే పుడతాయి. ఎదురుగా ఏది ఉంటే అది అందుకోవడం, అందుకున్నదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియడం. ఆ రెండోదే కష్టం.

మూడో పాయ కూడా ఉంది. అంతకుముందే జిగ్గీ ప్రదర్శనల్లో వేదిక మీద పెట్టిన మెరుపు గుర్తును, కరెంటు పెట్టెల మీద ఉండే ప్రమాద సూచిక నుంచి తీసుకున్నానని బోవీ తర్వాత చెప్పాడు. మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కనిపించే హెచ్చరిక లాంటిదే, ముట్టుకోవద్దు అని చెప్పేది. ఈ మూడింటిలో ఏది నిజమని తేల్చుకోవాల్సిన పని మనకు లేదు. ఉంగరం, కుక్కర్, ప్రమాదం బోర్డు మూడూ ఆ గీతలో కలిసి ఉండగలవు.

ముఖానికి రంగు వేసింది పియర్ లరోష్. తర్వాత ‘రాకీ హారర్ పిక్చర్ షో’ సినిమాకు మేకప్ చేసింది కూడా ఈయనే. ఆయన మొదట మెరుపును చిన్నగా వేశాడని, డఫీ అది చాలదని తానే ముఖం మీద పెద్ద గీత గీసి, దీన్ని నింపు అన్నాడని చెబుతారు. ఆ మాట నిజమైతే ఈ బొమ్మ విలువంతా ఆ కొలతలోనే ఉంది. చెంప మీద చిన్న మెరుపు అలంకారంగా మిగిలిపోయేది, తిరనాళ్ళలో పిల్లలు వేయించుకునే పచ్చబొట్టులా. నుదుటి నుంచి చెంప దిగువ దాకా సాగితే మాత్రం అది ముఖాన్ని ఏలడం మొదలుపెడుతుంది. ముఖం మీద మెరుపు ఉందనిపించదు, మెరుపు వెనక ముఖం ఉందనిపిస్తుంది.

ఇక్కడ కొంచెం డబ్బు సంగతి. బోవీ మేనేజర్ టోనీ డిఫ్రీస్ లెక్క వింతైనది. అట్ట తయారీకి ఎంత ఎక్కువ ఖర్చయితే, ఆ ఖర్చు రాబట్టుకోవడానికి రికార్డు కంపెనీ అంత గట్టిగా ఆల్బమ్‌ను అమ్మి తీరుతుందని ఆయన నమ్మకం. పెళ్ళికి అప్పు చేసినవాడు కష్టపడి సంపాదిస్తాడన్నట్టు. కాబట్టి ఖరీదైన మార్గం ఏదో చూడమన్నాడు. డఫీకి అది తెలుసు. ఫోటోను డై ట్రాన్స్‌ఫర్ అనే పద్ధతిలో వేయించాడు. అందులో బొమ్మను మూడు పొరలుగా విడదీసి, ఒక్కో పొరకు ఒక్కో రంగు పట్టించి, ఒకే కాగితం మీద ఒకదాని తర్వాత ఒకటి తప్పిపోకుండా అద్దుతారు. పెడనలో కలంకారీ అచ్చులు చూసినవాళ్ళకు ఇది చప్పున అర్థమవుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు, పువ్వు గీత మీద గీత పడాలి, వెంట్రుకవాసి జరిగితే బట్ట పాడు. డై ట్రాన్స్‌ఫర్‌లో రంగు కాగితంలోకి ఇంకుతుంది కాబట్టి ఆ లోతు వేరు. ఆపైన అట్టను మామూలుగా వేసే నాలుగు రంగులతో కాక ఏడు రంగులతో అచ్చువేసే ఏర్పాటు చేశారు, స్విట్జర్లాండ్‌లో. అప్పటికి పాప్ సంగీతంలో ఇంత ఖరీదైన అట్ట లేదని చెప్పుకున్నారు. డిఫ్రీస్ లెక్క తప్పలేదు, ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. లెక్క వ్యాపారిది, ఫలం చూసేవాళ్ళది. ఆ పాలిపోయిన చర్మం మీద ఎరుపు అంత ఎర్రగా ఉండటానికి కారణం ఒక మేనేజర్ మొండితనమని తెలిస్తే ముచ్చటగానే ఉంటుంది.

కంఠం దగ్గరి తడి మాట మరిచిపోకూడదు. అది ఫోటోలో లేదు. తర్వాత ఫిలిప్ కాజిల్ అనే చిత్రకారుడు ఎయిర్‌బ్రష్‌తో పెట్టాడు. ‘ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్’ సినిమా పోస్టరు వేసినాయన. తడి పెట్టాలన్న ఆలోచన డఫీదని బోవీ చెప్పాడు. దాన్ని కన్నీటిచుక్క అంటారు చాలామంది. నాకు ఒప్పుకోబుద్ధి కాదు. కన్నీరైతే కంటి నుంచి చెంప మీదికి దారి ఉండాలి. ఇక్కడ దారి లేదు, గుర్తు లేదు. మెరుపు కరిగి కారిందా, కారి రంగు పోగొట్టుకుందా అన్నట్టు ఉంటుంది. లోహం ద్రవమైతే ఇలా ఉంటుంది. నిజం చెప్పాలంటే ఈ బొమ్మలో నాకు కొంచెం ఎక్కువైందనిపించేది అదొక్కటే. పాయసంలో పచ్చకర్పూరం లాంటిది, వేసినవాడికి వేయకుండా ఉండబుద్ధి కాలేదు. అయితే అట్ట విప్పితే దాని పని తెలుస్తుంది. అట్ట పుస్తకంలా తెరుచుకుంటుంది. లోపల అదే మనిషి నిలువెత్తుగా ఉంటాడు. కిందికి దిగేకొద్దీ ఒళ్ళు చర్మం వదిలి వెండిలా మారిపోతుంది, కాజిల్ ఎయిర్‌బ్రష్ పనే. ఆడ అని గానీ మగ అని గానీ చెప్పడానికి ఆనవాలు ఉంచలేదు. పైన చుక్కగా మొదలైనది లోపల ఒళ్ళంతా పాకింది.

ఆడా మగా తేలని ఈ ఒళ్ళు చూసి ఆనాటి ఇంగ్లండులో కొందరు ముక్కున వేలేసుకున్నారు. మనకు అంత విడ్డూరం కాకూడదు. మన పగటివేషాల్లో అర్ధనారీశ్వరుడు ఉన్నాడు. ఒకే నటుడు, ముఖంలో సగం శివుడు, సగం పార్వతి. చేతిలో తెర పట్టుకుని ఓసారి ఈ సగం చూపిస్తాడు, ఓసారి ఆ సగం, గొంతు కూడా మారుస్తాడు. చూసేవాళ్ళకు మధ్యలో గీత ఎక్కడుందో తెలుసు, దాని మీదే ఆట. బోవీ ముఖం మీది గీత అలాంటిది కాదు. అది ముఖాన్ని సమంగా పంచదు. ఒక పక్కకు పడుతుంది, ఒక కన్నును తీసుకుంటుంది, రెండో కన్నును అలాగే వదిలేస్తుంది. రెండో సగం ఎవరిదో చెప్పదు. పగటివేషంలో రెండు పాత్రలూ మనకు తెలిసినవే. ఇక్కడ ఒక్కటీ తెలియదు.

జపాన్ సంగతి కూడా ఉంది. బోవీకి కబుకీ నాటకం మీద మోజు, దుస్తులు కుట్టించుకున్నది జపాన్ డిజైనర్ కాన్సాయ్ యమమోతో దగ్గర, ఆ ఎర్ర జుట్టు కోత కూడా యమమోతో దుస్తులు వేసుకున్న ఒక మోడల్ ఫోటో చూసి చేయించుకున్నదే. కబుకీలో ముఖం మీద రంగు గీతలకు లెక్క ఉంది. ఎరుపు వీరుడికి, నీలం దుష్టుడికీ దయ్యానికీ. మన కథకళిలో పచ్చ ముఖం ధీరోదాత్తుడిది అయినట్టు. బోవీ మెరుపులో ఎరుపు పక్కనే నీలం ఉంది. లరోష్ ఆ లెక్కతో వేశాడని నేను అనను, కుక్కర్ కథ విన్నాక అసలు అనలేను. కానీ ఆ రెండు రంగులూ ఒకే గీతలో కనపడితే కబుకీ తెలిసినవాడి కన్ను ఓ క్షణం తడబడుతుంది.

ఇప్పుడు కళ్ళ దగ్గరికి వద్దాం.

బోవీ కళ్ళంటే ఆయన అభిమానులకు ఒక ప్రత్యేకమైన సంగతి. స్కూల్లో ఉండగా ఓ అమ్మాయి విషయంలో స్నేహితుడు జార్జ్ అండర్‌వుడ్‌తో తగవు వచ్చి, అతని గుద్దు ఎడమ కంటికి తగిలింది. ఆ కంటి పాప విప్పారి అలాగే ఉండిపోయింది. అందుకే రెండు కళ్ళూ రెండు రంగులన్నట్టు కనపడతాయి. స్నేహం మాత్రం పోలేదు, అండర్‌వుడ్ తర్వాత ఆయన రికార్డులకు బొమ్మలు కూడా వేశాడు. మరి అంత పేరున్న కళ్ళను, లక్షల మంది గుర్తుపట్టే కళ్ళను, అట్ట మీద మూసేశారు. ఇప్పుడు ఏ సినిమా పోస్టరు వేసేవాడినైనా అడగండి, హీరో కళ్ళు మూసుకుని ఉంటే పోస్టరు అతికిస్తావా అని. నవ్వుతాడు. పాప్ తారను అమ్మేది చూపుతోనే. తార నిన్నే చూస్తున్నాడని కొనేవాడికి అనిపించాలి.

అట్టకు ఫోటో తీసిన రోజే కళ్ళు తెరిచిన ఫోటోలు కూడా తీశారు. వాటిలో ఒకటి చాలా ఏళ్ళకు బయటికొచ్చి పేరు పొందింది. 2013లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం బోవీ మీద పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు పోస్టరుకు దాన్నే వాడారు. అదే మెరుపు, అదే జుట్టు, కళ్ళు మాత్రం సూటిగా మన మీద. మంచి ఫోటోనే. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. కళ్ళు తెరిచిన దాంట్లో మనం డేవిడ్ బోవీని చూస్తాం. ముఖానికి రంగు పూసుకున్న ఓ అందగాడు, కొంచెం కొంటెవాడు. మన కన్ను నేరుగా ఆయన కళ్ళలోకి పోతుంది, మెరుపు బొట్టులా పక్కకు తప్పుకుంటుంది. మూసిన దాంట్లో డేవిడ్ బోవీ లేడు. మాస్కు ఉంది, దాని వెనక ఎవరున్నారో తెలియదు.

మన శిల్పులకు ఈ సంగతి బాగా తెలుసు. గుడిలో విగ్రహం అంతా చెక్కాక, నగలూ ముక్కూ పెదవీ అన్నీ అయ్యాక, ప్రతిష్ఠ వేళకు నేత్రోన్మీలనం చేస్తారు. కళ్ళు తెరిపించడమన్నమాట. అంతదాకా అది రాయి. ఎంత అందంగా ఉన్నా మనల్ని చూడదు కాబట్టి దేవుడు కాలేదు. డఫీ ఫోటో నాకు ఆ ముందటి ఘడియలా కనపడుతుంది. అన్నీ సిద్ధమయ్యాయి, రంగు ఆరింది, ఇంకా చూపు రాలేదు. వస్తే ఏమవుతుందో తెలియదు, కొంచెం భయం కూడా వేస్తుంది. జిగ్గీ అనే పాత్ర ఒక రకంగా దేవుడి వేషమే. జనం పిచ్చెత్తి కొలిచిన దేవుడు. 1973 జూలై 3న లండన్‌లో హ్యామర్‌స్మిత్ ఓడియన్ వేదిక మీద బోవీ ఆ పాత్రకు ముగింపు పలికాడు. అట్ట మీద కళ్ళు మూసిన ముఖం వచ్చిన మూడు నెలల లోపే. అందుకని ఈ ముఖంలో కొందరికి మరణించినవారి ముఖం మీద తీసే మూస కూడా గుర్తొస్తుంది. నిజమే, అలాగే ఉంటుంది. నిద్రా, చావా, పుట్టకముందా అన్నది మాత్రం బొమ్మ చెప్పదు.

దీన్ని పాప్ సంగీతపు మోనాలిసా అని ఎవరో అన్నారు, అందరూ పట్టుకున్నారు. ఆ పోలిక నాకు నచ్చదు. మోనాలిసా పేరంతా ఆమె చూపులోనే ఉంది. గదిలో ఎటు జరిగినా మన వెంట వస్తుందంటారు. ఈయన కళ్ళే తెరవలేదు. పేరుమోసిన రెండు బొమ్మలను ఒక గాటన కట్టేయడమే ఆ పోలికకు పని, చూడటం కాదు.

ఇంకో విషయం. ఇంతలా ఆయనకు ముద్రపడిన ఈ మెరుపును బోవీ ముఖానికి వేసుకుని కచేరీలు చేయలేదు. 1973లో వేదికల మీద నుదుటన బంగారు రంగు గుండ్రటి బొట్టు కనపడుతుంది ఫోటోల్లో. మన కంటికి బాగా తెలిసిన బొట్టులాంటిదే. మెరుపు మాత్రం ఆ ఫోటో కోసం వేసుకున్నది, కడిగేసుకున్నది. ఒక్క రోజు ఉన్న రంగు. దాన్ని ఆయన వదిలేశాక జనం పట్టుకున్నారు. 2011లో బ్రిక్స్టన్ పేటవాళ్ళు తమ స్థానిక మారకం కోసం అచ్చువేసుకున్న పది పౌండ్ల నోటు మీద ఈ ముఖమే వేశారు. 2013లో బ్రిక్స్టన్ స్టేషన్ ఎదుటి గోడ మీద జిమ్మీ సి అనే చిత్రకారుడు దీన్నే పెద్దగా గీశాడు. 2016 జనవరి 10న బోవీ క్యాన్సర్‌తో పోయినప్పుడు జనం ఆ గోడ కింద పూలు పేర్చారు, గోడంతా రాతలు రాశారు. పిల్లలు, ముసలివాళ్ళు ముఖాల మీద ఎర్రటి మెరుపు వేసుకుని వచ్చారు. ఆ ఏడాది చివర ఆపిల్ ఫోన్లలో పాటగాడి ఎమోజీ వచ్చింది, చూస్తే దాని ముఖం మీదా అదే మెరుపు. 2017లో బ్రిటన్ తపాలా బిళ్ళ మీదికి ఆల్బమ్ అట్టే ఎక్కింది. వీటిలో ఎన్నింట కళ్ళు మూసి ఉన్నాయో చూడండి. ఎమోజీలో విప్పారి ఉంటాయి. ముఖాలకు మెరుపు వేసుకుని వచ్చినవాళ్ళందరివీ తెరిచే ఉన్నాయి, ఎందుకంటే బతికున్నవాళ్ళు రోడ్డు మీద నడవాలి కదా. గీతను ఎవరైనా కాపీ చేయవచ్చు. మూసుకుని ఉండటాన్ని కాపీ చేయడం కష్టం.

బోవీకి ఇది తెలుసని నాకు గట్టిగా అనిపిస్తుంది. పోవడానికి రెండు రోజుల ముందు, తన 69వ పుట్టినరోజున, చివరి ఆల్బమ్ ‘బ్లాక్‌స్టార్’ విడుదలైంది. దాని అట్ట మీద ఆయన ముఖమే లేదు. ఓ నల్లటి నక్షత్రం, దాని కింద నక్షత్రం ముక్కలతో కూర్చిన పేరు, అంతే. జోనథన్ బార్న్‌బ్రూక్ చేసిన పని. అంతకు నలభై మూడేళ్ళ ముందు కళ్ళు మూసుకున్న ముఖం చివరకు అట్ట వదిలి వెళ్ళిపోయింది.

‘అలాదీన్ సేన్’ అట్టను వెనక్కి తిప్పితే ఏముందో ఇంకా చెప్పలేదు. అదే తల, అదే భుజాలు, గీతగా మాత్రమే.  పిల్లలు రంగులు నింపుకునే పుస్తకంలో పేజీలా ఖాళీగా ఉంటుంది. మెట్రోలో నాకు కనపడ్డ కుర్రాడి టీషర్టు దానికి సరిగ్గా తలకిందులు.

ఫోన్లో ఈ బొమ్మ వెతకండి, దొరుకుతుంది. తెర మీద కొంచెం పెద్దది చేసి, ముందు మెరుపును బొటనవేలితో మూసి చూడండి. తర్వాత మెరుపును వదిలి, కళ్ళను మూసి చూడండి. ఏది మూసినప్పుడు బొమ్మ ఎక్కువ పోయిందో మీరే తేల్చుకోండి. మీ జవాబు నా జవాబుకు ఎదురైతే నాకు సంతోషమే, ఒక కార్డు ముక్క రాయండి.